ఒక్కరోజు నూనె, ఎనిమిది రోజుల దీపం, మన గోత్రాల లెక్క

డిసెంబరులో ఒక సాయంత్రం బీచి రోడ్డు మీద నడక ముగించుకుని ఇంటికి వస్తున్నాను. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల కాలం నాటి ఇళ్లు చాలావరకు ఇప్పుడు అతిథిగృహాలయ్యాయి. అలాంటి ఒక ఇంటి కిటికీలో తొమ్మిది కొమ్మల దీపపు సెమ్మె లాంటిది పెట్టి, నాలుగు కొవ్వొత్తులు వెలిగించారు. తిరువణ్ణామలై కొండ మీద కార్తీక దీపం వెలిగి రెండు వారాలు కాలేదు. మా వీధి గడపల మీద ప్రమిదల నూనె మరకలు ఇంకా పోలేదు. గుమ్మంలో నిలబడ్డ విదేశీ కుర్రవాణ్ణి ఇదేం పండుగ బాబూ అని అడిగాను. హనుక్కా అన్నాడు. యూదుల పండుగ, ఇవాళ మూడో రాత్రి, మూడు వత్తులూ వాటిని వెలిగించే వత్తి ఒకటీ కలిపి నాలుగు అన్నాడు.

కథ కూడా చెప్పాడు. రెండువేల ఏళ్లకు పూర్వం గ్రీకు రాజు యెరూషలేము దేవాలయాన్ని మైలపరిచాడట. యూదులు తిరగబడి గెలిచారట. దీపం వెలిగిద్దామంటే మైలపడని నూనె ఒక్క చిన్న కుండలోనే దొరికిందట. అది ఒక్కరోజుకే సరిపోతుంది. కానీ ఎనిమిది రోజులు వెలిగిందట.

నేను పనిచేసింది రక్షణ శాఖ లెక్కల విభాగంలో. చదివింది బీకాం. ఆ కథ వింటుంటే నా కళ్లముందు ఒక స్టాకు రిజిస్టరు కనిపించింది. ప్రారంభ నిల్వ ఒక్కరోజుకు సరిపడా. రాబడి సున్న. ఖర్చు ఎనిమిది రోజులది. అటువంటి రిజిస్టరు నా బల్ల మీదికి వస్తే నేను దేవుణ్ణి తలచుకునేవాణ్ణి కాదు. వోచరు ఏదయ్యా అని అడిగేవాణ్ణి.

ఆ నెల మా మిత్రుల సమావేశంలో ఈ సంగతి చెప్పాను. అందరూ నవ్వారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక మిత్రుడు అందుకుని, "మన చేబ్రోలు దగ్గరా ఉన్నారుగా ఈ యూదులు! మాదిగపల్లెలో పుట్టి, బాప్తిస్మం పుచ్చుకుని, ఇప్పుడు మాది ఎఫ్రాయీము గోత్రం అంటున్నారు" అన్నాడు. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ రెండో నవ్వు నాకు మింగుడుపడలేదు. అందుకే ఈ వ్యాసంలో రెండు తనిఖీలు చేస్తున్నాను. ఒకటి నూనెది, రెండోది ఆ నవ్వుది.

చిట్టాలో లేని పద్దు

లెక్కల్లో ఒక సూత్రం ఉంది. ఏ రోజు లావాదేవీ ఆ రోజు చిట్టాలో పడాలి. చిట్టాలో లేనిది ఏళ్లు గడిచాక ఆవర్జాలో ప్రత్యక్షమైతే దాన్ని అనుమానించాలి.

హనుక్కాకు చిట్టాలాంటివి మూడున్నాయి. మొదటిది మక్కబీయుల మొదటి గ్రంథం, సుమారు క్రీ.పూ. 100 ప్రాంతానిది. సెల్యూకిడ్ రాజు నాలుగో అంతియోకస్ క్రీ.పూ. 167లో దేవాలయాన్ని మైలపరచడం, యూదా మక్కబీ సేన క్రీ.పూ. 164 కిస్లేవు నెల 25న కొత్త బలిపీఠం ప్రతిష్ఠించడం, ఎనిమిది రోజుల ఉత్సవం అన్నీ అందులో ఉన్నాయి. దీపస్తంభం వెలిగించారని కూడా ఉంది. నూనె చాలలేదన్న మాట మాత్రం లేదు.

రెండోది మక్కబీయుల రెండో గ్రంథం. దీనికి అద్భుతాలంటే మహా ఇష్టం. ఆకాశంలో రౌతులు పరుగెత్తుతారు, గుర్రం మీద దివ్యపురుషుడు దిగివచ్చి రాజు మంత్రిని తొక్కిస్తాడు. ఇన్ని చెప్పిన రచయిత నూనె అద్భుతం తెలిసి ఉంటే వదిలేస్తాడా? ఎనిమిది రోజులెందుకో ఆయన వేరే కారణం చెప్పాడు. కొండల్లో దాక్కుని ఉండటంవల్ల ఆ ఏడు పర్ణశాలల పండుగ చేసుకోలేకపోయారు, దాన్నే ఆలస్యంగా ఎనిమిది రోజులు చేసుకున్నారు అని. ఆ గ్రంథం మొదట్లో ఉన్న క్రీ.పూ. 124 నాటి ఉత్తరంలోనూ ఈ పండుగ పేరు కిస్లేవు నెల పర్ణశాలల పండుగ అనే ఉంది.

మూడోది జోసెఫస్ అనే యూదు చరిత్రకారుడు క్రీ.శ. 94 ప్రాంతంలో రాసిన గ్రంథం. ఆయన కాలానికి దీనికి దీపాల పండుగ అనే పేరు వచ్చేసింది. ఆ పేరు ఎందుకు వచ్చిందో ఆయన తన ఊహ చెప్పాడు. ఆశ వదులుకున్న స్వేచ్ఛ వెలుగులా వచ్చినందువల్ల కావచ్చునన్నాడు. యాజకుల వంశంలో పుట్టినవాడు, దేవాలయం ఉండగా యెరూషలేములో పెరిగినవాడు. నూనె కథ ప్రచారంలో ఉండి ఉంటే ఊహించాల్సిన అవసరం ఏముంది?

నూనె కుండ కనిపించేది బాబిలోనియా తాల్ముద్‌లో. అది కూర్పు పూర్తి చేసుకున్నది క్రీ.శ. ఆరో శతాబ్దం నాటికి. హనుక్కా అంటే ఏమిటి అని అక్కడ ప్రశ్న వేసుకుని నూనె కథ జవాబుగా చెబుతారు. ఆ భాగం కూర్పు కంటే కొంత పాతదే కావచ్చు. ఒప్పుకుందాం. అయినా సంఘటనకూ పద్దుకూ మధ్య వందల ఏళ్ల ఖాళీ ఉంది. ఆ మధ్యలో రాసిన ముగ్గురికీ ఆ సంగతి తెలియదు.

ఇంకో తమాషా ఉంది. మక్కబీయుల గ్రంథాలు యూదుల బైబిలులో లేవు. మొదటి గ్రంథం హీబ్రూలో రాసిందేనంటారు. ఆ మూలం పోయి గ్రీకు అనువాదం మిగిలింది. దాన్ని భద్రపరచింది క్రైస్తవ సంఘం. పుదుచ్చేరి మిషన్ వీధిలోని కతోలిక్కు పెద్ద గుడికి వెళ్లేవారి బైబిలులో ఆ రెండు గ్రంథాలూ ఉంటాయి. గుంటూరు బాప్టిస్టుల బైబిలులో ఉండవు. పండుగ ఒకరిది, దాని చిట్టా ఇంకొకరి బీరువాలో!

యుద్ధం వెనుక డబ్బు

మతస్వేచ్ఛ కోసం జరిగిన యుద్ధం అని ప్రతి డిసెంబరులోనూ ప్రసంగాలు వింటాం. లెక్కలవాడిగా నేను ముందు డబ్బు దారి చూస్తాను.

సెల్యూకిడ్లు అంటే మనకు కొత్తవాళ్లు కారు. చంద్రగుప్త మౌర్యుడి దగ్గర 500 ఏనుగులు పుచ్చుకుని సంధి చేసుకున్న సెల్యూకస్ వంశం. మక్కబీయుల మొదటి గ్రంథంలో యుద్ధానికి వచ్చిన ఏనుగుల మీద భారతీయ మావటి ఉంటాడు కూడా. ఈ వంశపు మూడో అంతియోకస్ రోమన్ల చేతిలో ఓడిపోయాడు. క్రీ.పూ. 188 అపామియా సంధి ప్రకారం 15,000 తలాంతుల వెండి నష్టపరిహారం కట్టాలి. అందులో 12,000 ఏటా వెయ్యి చొప్పున పన్నెండు వాయిదాలు. అప్పులో మునిగిన రాజ్యానికి డబ్బున్న చోట్లు కనిపించాయి. ఆ కాలంలో గుళ్లే బ్యాంకులు. మూడో అంతియోకస్ ఒక గుడి ధనం దోచబోయి అక్కడే చచ్చాడు.

ఆయన కొడుకు నాలుగో సెల్యూకస్ తన మంత్రి హెలియొడోరస్‌కు రాసిన ఉత్తరం ఒకటి రాతి మీద చెక్కి ఉంది. క్రీ.పూ. 178 నాటిది. పరిశోధకులు 2007లో ప్రకటించారు. ఆ ప్రాంతపు గుళ్ల మీద ఒక అధికారిని నియమిస్తున్నట్టు అందులో ఉంది. ఆకాశం నుంచి దిగిన గుర్రం చేత తొక్కించుకున్నాడని మక్కబీయుల గ్రంథం చెప్పిన హెలియొడోరస్ ఈయనే. గుర్రానికి వోచరు లేదు. గుడుల మీద అధికారిని వేసినదానికి ఉంది.

తరువాత ప్రధాన యాజకుడి పదవి వేలానికొచ్చింది. యాసోను అనేవాడు నాలుగో అంతియోకస్‌కు 360 తలాంతులు, మరో ఆదాయం నుంచి 80, యెరూషలేములో గ్రీకు వ్యాయామశాల పెట్టుకోనిస్తే ఇంకో 150 ఇస్తానని పదవి కొన్నాడు. మూడేళ్లకు మెనెలాస్ అనేవాడు అంతకంటే 300 తలాంతులు ఎక్కువ పాడి దాన్ని ఎగరేసుకుపోయాడు. ఇవి నా లెక్కలు కావు, మక్కబీయుల రెండో గ్రంథంలోవే. పాటదారులిద్దరూ యూదులే. వాళ్ల కొట్లాట అంతర్యుద్ధమైంది. రాజు సైన్యంతో దిగాడు. సున్నతి చేయించినవారిని చంపాడు, విశ్రాంతిదినం నిషేధించాడు. అది దుర్మార్గమే, సందేహం లేదు. కానీ ఆ తిరుగుబాటులో మొదటి కత్తిపోటు ఎవరికి? మోదీను ఊళ్లో రాజు చెప్పినట్టు బలి ఇవ్వబోయిన ఒక యూదుడికి. పొడిచింది యూదా మక్కబీ తండ్రి మత్తతీయ. రాజు అధికారిని కూడా అక్కడే చంపాడు. తరువాత సున్నతి లేని పిల్లలు కనిపిస్తే పట్టుకుని బలవంతంగా చేయించారు. ఒకడు సున్నతి వద్దంటాడు, ఇంకొకడు చేయించుకోకపోతే ఒప్పుకోనంటాడు. పిల్లవాడి శరీరం మీద హక్కు ఇద్దరూ తమదే అంటారు. ఇందులో మతస్వేచ్ఛ ఎక్కడుంది?

గెలిచాక ఏమైందో కూడా చూడాలి. యూదా తమ్ముడు యోనాతాను క్రీ.పూ. 152లో ప్రధాన యాజక పదవి పుచ్చుకున్నది ఒక సెల్యూకిడ్ రాజ్యార్థి చేతి మీదుగానే. యోహాను హిర్కానస్ కాలంలో పొరుగు ఇదూమయులను సున్నతి చేయించుకుని మతం మారతారా, దేశం విడిచిపోతారా అన్నారు. అలెగ్జాండర్ యన్నాయి అనే రాజు తనను ఎదిరించిన 800 మంది యూదులను సిలువ వేయించాడని జోసెఫస్ రాశాడు. ఒక్క తరం పీడితులు నాలుగో తరానికి పీడకులయ్యారు. ఇది యూదుల ప్రత్యేకత కాదు. సింహాసనమూ గుడీ ఒకే చేతిలో పడిన ప్రతిచోటా జరిగేదే.

పద్దు ఎందుకు మారింది?

దేవాలయం క్రీ.శ. 70లో రోమన్లు కూల్చారు. 135లో మరో తిరుగుబాటు నెత్తుటిలో ముగిసింది. ఆ తరువాత పరాయి రాజుల కింద బతుకుతున్న పండితులకు కత్తి పట్టి గెలిచిన వంశం పండుగ ఇబ్బందే. పైగా ఆ వంశం చివరికి ఏమైందో వారికి తెలుసు. అందుకే కత్తి వెనక్కిపోయి నూనెకుండ ముందుకొచ్చిందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. నాకది సబబుగానే కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో దీనికి ఎదురుపద్దు పడింది. దేశం కావాలనుకున్న జియోనిస్టులకు నూనె కంటే కత్తి నచ్చింది. క్రీడాసంఘాలకు మక్కబీ పేరు పెట్టుకున్నారు. 1932లో మక్కబియా క్రీడలు మొదలయ్యాయి. ప్రతి కాలమూ తనకు కావలసిన పద్దు రాసుకుంది.

తాల్ముద్ పండితుల పక్షాన ఒక మాట చెప్పాలి. దీపం వెలిగించేటప్పుడు దేవుడు మమ్మల్ని ఆజ్ఞాపించాడని చదువుతారు. ఎక్కడ ఆజ్ఞాపించాడు అని తాల్ముదే అడుగుతుంది. అంటే వోచరు అడిగింది! పెద్దల మాట వినమని ధర్మశాస్త్రంలో ఉంది కదా అనేది జవాబు. జవాబు తేలిపోయింది. ప్రశ్న మాత్రం మంచిది. దీపాలు ఎనిమిదితో మొదలుపెట్టి రోజుకొకటి తగ్గించాలని షమ్మాయి వర్గం, ఒకటితో మొదలుపెట్టి పెంచాలని హిల్లేలు వర్గం వాదించుకున్న సంగతీ అందులోనే ఉంది. హిల్లేలు వర్గం గెలిచింది. నేను కిటికీలో చూసినవి అందుకే పెరుగుతున్న దీపాలు.

నీళ్లతో వెలిగిన దీపాలు

తెలుగువాడికి ఈ కథ వింటే షిర్డీ సాయిబాబా గుర్తురావాలి. కోమట్లు నూనె ఇవ్వమంటే బాబా నీళ్లతో దీపాలు వెలిగించాడని తెలుగునాట పసిపిల్లవాడు కూడా చెబుతాడు. మా తమిళ మిత్రుణ్ణి అడిగితే అది మాదండీ అంటాడు. పెరియపురాణంలో నమినంది అడిగళ్ అనే నాయనారు తిరువారూరులో నెయ్యి అడిగితే జైనులు ఎగతాళి చేశారు. ఆయన కోనేటి నీళ్లు పోసి గుడి దీపాలు వెలిగించాడు. చర్చికి వెళ్లే మిత్రుణ్ణి అడిగితే ఎలీషా ప్రవక్త విధవరాలి ఇంట్లో నూనె తరగకుండా చేసిన కథ చెబుతాడు. యెరూషలేము బిషప్పు నార్సిస్సస్ ఈస్టరు రాత్రి బావినీళ్లను దీపాల నూనెగా మార్చాడని చర్చి చరిత్రకారుడు యూసేబియస్ నాలుగో శతాబ్దంలోనే రాశాడు.

దీపం కొండెక్కుతుందేమోనన్న భయం కరెంటు రాకముందు ప్రతి ఇంట్లోనూ ఉండేది. నూనె ఖరీదైన సరుకు. ఆ భయంలోంచి పుట్టిన కోరిక ఊరూరా ఒకే కథ అయింది. ఈ భక్తుల్లో ప్రతి ఒక్కరూ తక్కినవాళ్ల కథ కట్టుకథ అనే అంటారు. నేను ఇంకొక్కటి కలుపుతాను, అంతే తేడా.

తిరువణ్ణామలై మహాదీపం పదకొండు రోజులు వెలుగుతుంది. కొప్పెర ఎంతో, నెయ్యి ఎన్ని వేల కిలోలో, వత్తి గుడ్డ ఎన్ని మీటర్లో ఏటా పత్రికల్లో వస్తుంది. నిల్వకూ ఖర్చుకూ సరిపోతుంది కాబట్టి అద్భుతం అవసరం లేదు. శబరిమల మకరజ్యోతి సంగతి వేరు. తనంతట వెలుగుతుందని నమ్మించారు. అది మనుషులు వెలిగించేదేనని దేవస్వం పెద్దలే ఒప్పుకోవలసి వచ్చింది. ఆ జ్యోతి చూసి తిరిగివస్తూ 2011 జనవరి 14న పుల్లుమేడు తొక్కిసలాటలో నూరుమందికి పైగా చచ్చిపోయారు. పద్దు దొంగదైతే నష్టం ఎవరికి అని అడిగేవాళ్లకు ఇదే నా జవాబు.

నెలల లెక్క చూసినా ఒక సంగతి తెలుస్తుంది. యూదుల నెలలూ మన తెలుగు నెలల్లాగే అమావాస్య దాటాక మొదలవుతాయి. కిస్లేవు 25 అంటే మన కార్తీక, మార్గశిర మాసాల్లో ఏదో ఒకదాని బహుళ దశమి దరిదాపు. ఎనిమిది రాత్రుల మధ్యలో అమావాస్య పడుతుంది. చలి, పొడుగు రాత్రులు, చంద్రుడు లేని ఆకాశం. పగళ్లు కురచబడుతుంటే ఆదాము భయపడి ఎనిమిది రోజులు ఉపవాసమున్నాడని, పగలు మళ్లీ పెరగడం చూసి ఎనిమిది రోజులు పండుగ చేసుకున్నాడని తాల్ముద్‌లోనే ఇంకోచోట ఉంది. ఇదే పండుగకు మూలమని నేను తేల్చడం లేదు. చీకటి రాత్రుల్లో మనిషి దీపం పెట్టడానికి అద్భుతం సాక్ష్యం అక్కరలేదని మాత్రం అంటాను.

ఆచారాలకూ ఇదే కథ. పిల్లలు తిప్పే నాలుగు పలకల బొంగరం మీద నాలుగు హీబ్రూ అక్షరాలుంటాయి. అక్కడ గొప్ప అద్భుతం జరిగింది అనే వాక్యానికి మొదటి అక్షరాలవి అంటారు. ఆ బొంగరం అసలు జర్మనీ వైపు జూదపు బొంగరం. ఆ అక్షరాలు ఏమీ లేదు, అంతా నీదే, సగం, కట్టు అనే ఆట నియమాలకు గుర్తులు. జూదం నియమాలకు తరువాత దైవం అర్థం చెప్పారు. నూనెలో వేయించే బంగాళాదుంప అట్లు కూడా తరతరాల సంప్రదాయమే అంటారు. బంగాళాదుంప అమెరికా ఖండం దాటి వచ్చి అయిదు వందల ఏళ్లు కాలేదు. తినడానికి బాగుంటాయి, అది చాలదా? హనుక్కా చిన్న పండుగగా ఉండి పెద్దదైంది కూడా అమెరికాలోనే, క్రిస్మస్ పక్కింట్లో ఉండటంవల్ల.

గానుగవాళ్లకు తెలియని నూనె పండుగ

ఇక మన దేశానికి వద్దాం. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయేలు అనే యూదులున్నారు. గానుగ ఆడి నూనె తీసేవాళ్లు. శనివారం పని మానేవారు కనుక ఊరివాళ్లు శనివార్ తేలీలు అన్నారు. నూనె తీయడమే వృత్తి అయిన వీళ్లకు నూనె పండుగ తెలియదు! కొచ్చిన్ నుంచి, బాగ్దాద్ నుంచి వచ్చిన యూదులతో కలిశాక 18, 19 శతాబ్దాల్లో హనుక్కా నేర్చుకున్నారు. దీన్ని పట్టుకుని, చూశారా, వీళ్ల పూర్వీకులు హనుక్కా పుట్టకముందే, అంటే క్రీ.పూ. 164కు ముందే వచ్చేశారు అని వాదించినవాళ్లున్నారు. ఇది తప్పుడు లెక్క. రిజిస్టరులో పద్దు లేకపోతే సరుకు రాలేదని అర్థం కావచ్చు, రాసుకోలేదనీ కావచ్చు, ఆ పేజీ చిరిగిపోయిందనీ కావచ్చు. తెలియకపోవడం ఒక్కటే దేనికీ రుజువు కాదు.

కొత్తరెడ్డిపాలెం

గుంటూరుకు దగ్గరలో చేబ్రోలు. దాని పక్కన కొత్తరెడ్డిపాలెం. ఆ ఊళ్లో 1991లో ఒక యూదు ప్రార్థనామందిరం వెలిసింది. షమూయేలు యాకోబీ, సాదోకు యాకోబీ అనే అన్నదమ్ములు ఆ ఉద్యమానికి పెద్దలు. కొద్ది పదుల కుటుంబాలు. బెనె ఎఫ్రాయీము అని పేరు. విశ్రాంతిదినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు, పస్కా, హనుక్కా చేసుకుంటారు. అంతకుముందు బాప్టిస్టులు, పుట్టుక మాదిగ. క్రీ.పూ. 722లో అస్సీరియా చెదరగొట్టిన పది గోత్రాలలో ఎఫ్రాయీము తమదని చెబుతారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీరి మీద 2013లో ఒక పుస్తకమే ప్రచురించారు.

నా పని నేను చేయాలి కాబట్టి ఈ పద్దునూ తనిఖీ చేస్తాను. ఎఫ్రాయీము గోత్రం చెదిరింది 722లో. హనుక్కా పుట్టింది 164లో. తేడా 558 ఏళ్లు. అప్పుడే విడిపోయి వచ్చినవాళ్లకు ఈ పండుగ వారసత్వంగా రాదు. అది పుస్తకం చూసి నేర్చుకున్న పండుగ. ఇక వంశావళికి ఆధారం చూపగల శాసనం గానీ పత్రం గానీ నాకు కనిపించలేదు. గొడ్డుమాంసం తినడం వంటి పాత మాదిగ అలవాట్లు ఇశ్రాయేలు ఆనవాళ్లని వాళ్ల పెద్దలు అంటారు. గొడ్డుమాంసం తినేవాళ్లు లోకమంతా ఉన్నారు. కనుక ఆడిట్ అభ్యంతరం నిలుస్తుంది.

ఇంతవరకు నా మిత్రుడూ నేనూ ఒకటే. తేడా ఇక్కడినుంచి.

ఆ కుటుంబాలు పుట్టిన చోటు చూడండి. 1876-78 కరువులో మాదిగలు బకింగ్‌హామ్ కాలువ తవ్వి గంజి తాగారు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర మిషను వాళ్లు ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, ఎక్కువమంది మాదిగలే. మతం మారింది, ఊరి చివర ఇల్లు మారలేదు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మందిరం కట్టిన 1991లోనే, అదే గుంటూరు జిల్లాలో, ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఆ ఎనిమిదిమందిని ఎవరూ చంపనట్టే లెక్క తేలింది. చుండూరువల్ల ఆ మందిరం వచ్చిందని నేను అనను, అలాంటి రుజువు నా దగ్గర లేదు. కానీ అలాంటి జిల్లాలో, అలాంటి పల్లెలో పుట్టినవాడు ఈ ఊరివాళ్లు నాకు పెట్టిన పేరు నాది కాదు, నాకు ఇంకో పేరుంది, ఇంకో చరిత్ర ఉంది అంటే అందులో నవ్వవలసింది ఏముంది?

అంబేడ్కర్ 1948లో ప్రచురించిన అస్పృశ్యుల గ్రంథంలో, అంటరానివారు పూర్వం బౌద్ధులని, గొడ్డుమాంసం మానకపోవడంవల్ల వెలి అయ్యారని ప్రతిపాదించాడు. అదీ నిరూపించడం కష్టమైన చరిత్రే. అయినా 1956లో నాగపూరులో లక్షలమంది ఆయన వెంట బౌద్ధం పుచ్చుకుంటే మనం చప్పట్లు కొట్టాం. వంశావళి అడగలేదు. ఆ చర్యలోని ఆత్మగౌరవం మనకు అర్థమైంది. కొత్తరెడ్డిపాలెంలో అర్థం కాకపోవడానికి కారణం వాళ్లు తక్కువమంది కావడమేనా?

పైగా వాళ్లకు లాభం ఏముందో కూడా లెక్కవేయండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులం హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం పుచ్చుకున్న మాదిగను మన రాష్ట్రంలో బీసీ-సీలో వేశారు. యూదుల మాట ఆ ఉత్తర్వులో లేదు. అంటే కాగితం మీద మతం మార్చి రాయిస్తే హోదా పోతుంది, ఊళ్లో మాత్రం కులం పోదు. మతం గడిలో ఏం రాసినా మాదిగపల్లె మాదిగపల్లెగానే ఉంటుందని ఊరంతటికీ తెలుసు. తెలియనట్టు నటించేది ఆ ఉత్తర్వు ఒక్కటే. హేతువాది ఎగతాళి చేయవలసింది అదిగో ఆ అబద్ధాన్ని. వివక్ష కులాన్ని బట్టి జరుగుతున్నప్పుడు రక్షణ కూడా కులాన్ని బట్టే ఉండాలి, దేవుణ్ణి బట్టి కాదు.

కథను విమర్శించడం వేరు, ఆ కథ చెప్పుకునేవాళ్లను ద్వేషించడం వేరు. 2008 నవంబరులో ముంబయి నారిమన్ హౌస్‌లో యూదు పురోహితుణ్ణీ ఆయన భార్యనూ చంపినవాళ్లకు తాల్ముద్ పద్దులతో పనిలేదు. యూదులైతే చాలు. మన విమర్శ అలాంటి ద్వేషానికి పొరపాటున కూడా ఊతం కాకూడదు.

చేబ్రోలుకు కొద్ది దూరంలోనే తెనాలి. త్రిపురనేని రామస్వామి సూతపురాణం రాసి పురాణాలను తూర్పారపట్టిన ఊరు. ఆయన అంతటితో ఆగలేదు. సంస్కృత మంత్రాలు లేకుండా తెలుగులో పెళ్లి జరిపించుకోవడానికి వివాహవిధి రాశాడు. దొంగపద్దు కొట్టేసి, మనుషులకు కావలసిన వేడుకను మిగిల్చాడు. హనుక్కాకూ అదే సరిపోతుంది. నూనెకుండను తీసేసినా దీపాలూ అట్లూ పిల్లల బొంగరమూ మిగులుతాయి. వాటికి నా అభ్యంతరం లేదు.

ఆ నవ్వు తనిఖీ ఒకటి మిగిలింది. ఎఫ్రాయీము గోత్రం అనగానే మా సమావేశంలో నవ్వినవాళ్లం పన్నెండుమందిమి. అందులో నేనూ ఉన్నాను. మా అబ్బాయి పెళ్లి శుభలేఖ బీరువాలోంచి తీసి చూశాను. మొదటి వరసలోనే మా గోత్రం అచ్చయి ఉంది. ఏదో ఋషి పేరు. ఆయన ఎప్పుడు పుట్టాడో, మాకూ ఆయనకూ మధ్య ఎన్ని తరాలో, ఒక్క వోచరు లేదు. ఇంట్లో గొడవెందుకని నేనే ప్రూఫు చూసి ఇచ్చాను. కొత్తరెడ్డిపాలెం వాళ్లు తమ గోత్రం నిరూపించడానికి యెరూషలేము దాకా తిరగాలి. నా గోత్రం నిరూపించమని నన్ను ఇంతవరకు ఎవ్వరూ అడగలేదు. అడగకపోవడమే అగ్రకులం అంటే.

వచ్చే నెల సమావేశానికి ఆ శుభలేఖ పట్టుకెళ్తాను. తక్కిన పదకొండుమందినీ వాళ్ల వాళ్ల శుభలేఖలు తెచ్చుకోమని ఫోను చేసి చెప్పాను. ముందు వాటి వోచర్లు చూద్దాం. చేబ్రోలు ఫైలు ఆ తరువాత తీద్దాం.